మిలాన్ నుంచి బయలుదేరి వారం రోజుల ఫ్రాన్స్ రైలు ప్రయాణం: దారి, టికెట్లు, మజిలీల విషయంలో సలహాలు కావాలి

మిలాన్‌లో గోదావరి:

అందరికీ నమస్కారం. మేము మిలాన్‌లో ఉంటున్నాము. సెప్టెంబరు చివరి వారంలో, రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చే అమ్మానాన్నలను వెంటబెట్టుకొని, మేమిద్దరమూ ఎనిమిదేళ్ల మా అమ్మాయీ కలిసి ఏడు రాత్రులు ఫ్రాన్స్‌లో గడపాలని అనుకుంటున్నాము. విమానమూ కారూ లేకుండా అంతా రైలులోనే తిరగాలన్నది నాన్నగారి కోరిక. ఆయన రైల్వేలో పనిచేసి పదవీ విరమణ పొందారు. ఆల్ప్స్ పర్వతాల కింది సొరంగం గుండా ఒక్కసారైనా వెళ్లాలని ఎప్పటినుంచో అంటున్నారు.

ప్రస్తుతానికి నేను కాగితం మీద గీసుకున్న దారి ఇది: మిలాన్ నుంచి పారిస్, అక్కడి నుంచి స్ట్రాస్‌బర్గ్, లియోన్, మార్సెయ్, నీస్, తిరిగి మిలాన్. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, మెట్లు ఎక్కువగా ఎక్కలేదు. అమ్మానాన్నలిద్దరూ శాకాహారులు. రైలు పాస్ కొనడం మేలా, విడి టికెట్లు మేలా అన్నది తేలడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

రైలుబాట:

గోదావరి గారూ, మీ దారిలో ఒక్కో ఊరూ చూడదగినదే, కానీ ఏడు రాత్రులకు ఐదు ఊళ్లంటే పెద్దవాళ్లు రోజు విడిచి రోజు పెట్టె సర్దుకోవలసి వస్తుంది. పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్ రైలులో గంటా ముప్పావు మాత్రమే కాబట్టి దగ్గరే అనిపిస్తుంది. అయితే గది ఖాళీ చేయడం, స్టేషను చేరడం, దిగిన ఊళ్లో గది తాళం చేతికి వచ్చేదాకా ఆగడం, ఇవన్నీ కలిస్తే ప్రతి మార్పూ సగం రోజును తినేస్తుంది. కాబట్టి మూడు మజిలీలకు మించి పెట్టుకోవద్దని, స్ట్రాస్‌బర్గ్‌ను ఈసారికి వదిలేయమని నా గట్టి సలహా.

ఇటలీ నుంచి ఫ్రాన్స్‌కు రైలులో వెళ్లడానికి ముఖ్యమైన దారులు రెండు. ఒకటి సముద్రతీరపు దారి: మిలాన్, జెనోవా, వెంతిమిలియా, నీస్. రెండోది కొండదారి: మిలాన్, టురిన్, మొదాన్, షాంబేరి, ఆపైన లియోన్ లేదా పారిస్. వెళ్లేటప్పుడు ఒక దారిలో వెళ్లి, వచ్చేటప్పుడు మరో దారిలో వస్తే చూసిన ఊరినే మళ్లీ చూసే పని ఉండదు. నా మాట వింటే తీరం వెంట వెళ్లి కొండల గుండా తిరిగి రండి. మొదటి రోజు ప్రయాణం హడావిడి లేకుండా సాగుతుంది, నాన్నగారి సొరంగం చివరి రోజుకు మిగులుతుంది.

మిలాన్ ప్రధాన స్టేషను చెంత్రాలే నుంచి వెంతిమిలియాకు నేరుగా వెళ్లే ఇంటర్‌సిటీ రైళ్లు ఉన్నాయి. సుమారు నాలుగు గంటలు పడుతుంది. జెనోవా దాటాక సముద్రం ఎడమవైపు ఉంటుంది కనుక సీట్లు అటువైపే ఎంచుకోండి. అందోరా అనే ఊరు దాటాక మాత్రం లైను చాలా దూరం కొండల లోపలికి వెళ్లిపోతుంది. పాత తీరపు లైనుకు బదులుగా 2001లోనూ 2016లోనూ తెరిచిన కొత్త భాగాలవి, సాన్‌రేమో స్టేషను కూడా భూగర్భంలోనే ఉంది. వెంతిమిలియాలో దిగి ఫ్రెంచి ప్రాంతీయ రైలు ఎక్కితే దాదాపు గంటలో నీస్ చేరతారు. ఆ రైళ్లు తరచుగా ఉంటాయి, వాటికి సీటు రిజర్వేషను అవసరం లేదు. అందువల్ల మిలాన్ రైలు కాస్త ఆలస్యమైనా కంగారుపడనక్కరలేదు.

లియోన్ నివాసి:

రైలుబాట గారు చెప్పిన రెండు దారుల పద్ధతి చాలా బాగుంది. నేను ఇంకొక అడుగు ముందుకు వేసి, పారిస్‌ను కూడా వదిలేయమంటాను. మీరు మిలాన్‌లోనే ఉంటున్నారు కాబట్టి పారిస్‌కు మరొకసారి మూడు రోజుల సెలవు దొరికినప్పుడు వెళ్లవచ్చు. ఈ వారం నీస్, అవిన్యోన్, లియోన్ అని పెట్టుకుంటే అంతా ఒకే వరుసలో వస్తుంది. అవిన్యోన్ టీజీవీ (ఫ్రాన్స్ అతివేగ రైళ్ల) స్టేషను నుంచి లియోన్ పార్-దియూ స్టేషనుకు గంటకు కాస్త పైన, లియోన్ నుంచి మిలాన్ ఐదు గంటల లోపు. ఒక్క రోజు కూడా రైలుకే బలి కాదు. లియోన్ పాత పేట 1998 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. లూమియేర్ సోదరులు 1895లో తమ మొదటి చలనచిత్రాన్ని తీసిన చోటనే ఇప్పుడు వారి పేరిట ప్రదర్శనశాల ఉంది. నది ఒడ్డున సాయంత్రం కూర్చోవడానికి రెండు నదులున్న ఊరు. గోదావరి ఒడ్డున పెరిగినవారికి నచ్చుతుందని నా నమ్మకం.

ఒక్క లోటు ఒప్పుకోవాలి: లియోన్ సంప్రదాయ భోజనశాలల్లో దాదాపు అంతా మాంసమే ఉంటుంది.

యానాం అమ్మాయి:

లియోన్ నివాసి గారి లెక్క నడివయసువారికి సరిపోతుంది. పెద్దవాళ్ల విషయం వేరు. రాజమండ్రి నుంచి ఒకసారి ఇంత దూరం వచ్చినవారు మళ్లీ ఎప్పుడు వస్తారో ఎవరూ చెప్పలేరు. ఊరికి తిరిగి వెళ్లాక బంధువులు మొదట అడిగేది పారిస్ చూశారా అనే. మాకు ఆ నగరం ఇంకొంచెం దగ్గర. మా యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది, ఇప్పటికీ మా ఊరి కుటుంబాలు కొన్ని పారిస్ చుట్టుపక్కల స్థిరపడి ఉన్నాయి. అందుకే పక్షపాతం ఉందనుకున్నా సరే, రెండు రాత్రులైనా పారిస్‌కు ఇవ్వమంటాను.

పారిస్‌లో మీ అమ్మగారి భోజనానికి దిగులు లేదు. గార్ దు నోర్ స్టేషను వెనుక లా షపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్లు వరుసగా ఉన్నాయి. ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు దొరుకుతాయి. ఆ దగ్గరలోనే మాణిక్క వినాయకర్ ఆలయం ఉంది.

మెట్రో విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పాత లైన్లలో చాలా స్టేషన్లకు లిఫ్టులు లేవు, మారే చోట్ల పొడవైన నడవాలూ మెట్లూ ఉంటాయి. 14వ నంబరు లైను ఒక్కటి అన్ని స్టేషన్లలోనూ లిఫ్టులతో నడుస్తుంది, అది మీరు దిగే గార్ ద లియోన్ అనే పారిస్ స్టేషను గుండానే వెళ్తుంది. మిగతా చోట్లకు సిటీ బస్సు ఎక్కండి. బస్సు అడుగు భాగం నేలకు దగ్గరగా ఉంటుంది, కిటికీలోంచి ఊరు కూడా కనిపిస్తుంది. గది గార్ ద లియోన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకుంటే తిరుగు ప్రయాణపు ఉదయం ఎంతో తేలికవుతుంది, ఎందుకంటే మిలాన్ రైలు బయలుదేరేదీ అక్కడి నుంచే.

టురిన్ విద్యార్థిని:

దారి కంటే ముందు కాగితాల సంగతి చూసుకోమని కోరుతున్నాను, ఎందుకంటే ఇది మరిచిపోయి సరిహద్దు దగ్గర ఆగిపోయినవారు మా విశ్వవిద్యాలయంలోనే ఉన్నారు. ఫ్రాన్స్ 2015 నవంబరు నుంచి తన సరిహద్దుల్లో తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది. వెంతిమిలియా నుంచి వచ్చే రైళ్లలో మెంటన్-గరవాన్ స్టేషను దగ్గర పోలీసులు ఎక్కి కాగితాలు అడుగుతారు. ఇటలీ నివాస అనుమతి కార్డు చెల్లుబాటులో ఉంటే, దానితో పాటు అసలు పాస్‌పోర్టు ఉంటే, 180 రోజులలో 90 రోజుల దాకా ఇతర షెంగెన్ దేశాలలో (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాలు) తిరగవచ్చు. అయితే కార్డు గడువు తీరి, పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టినట్టు పోస్టాఫీసు ఇచ్చిన రసీదు మాత్రమే చేతిలో ఉంటే, దానితో ఫ్రాన్స్‌కు వెళ్లకూడదు. మీ కార్డులన్నింటి తేదీలనూ, ముఖ్యంగా అమ్మాయి కార్డు తేదీని, ఈ రోజే చూడండి.

మీ అమ్మానాన్నలకు ఇటలీ ఇచ్చిన షెంగెన్ వీసా ఉంటే, బస ఎక్కువ రోజులు ఇటలీలోనే కాబట్టి, ఆ వీసాతో ఫ్రాన్స్ రావచ్చు. అది ఒకేసారి ప్రవేశానికి ఇచ్చినదైనా ఇబ్బంది లేదు, షెంగెన్ లోపల దేశం మారడం బయటికి వెళ్లినట్టు లెక్క కాదు. మొనాకోలో దిగినా అంతే. అక్కడికి ఫ్రాన్స్ గుండానే వెళ్తారు, మధ్యలో తనిఖీ ఉండదు. పాస్‌పోర్టులు మాత్రం పెట్టె అడుగున కాకుండా చేతి సంచిలో ఉంచండి.

మిలాన్‌లో గోదావరి:

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. స్ట్రాస్‌బర్గ్‌ను వదిలేశాను. మా కార్డులు చూశాను, అన్నీ వచ్చే ఏడాది దాకా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడితే అమ్మ పారిస్ అంది, నాన్నగారు దారి ముఖ్యం అన్నారు. ఇక పాస్ సంగతి ఎవరైనా చెప్పగలరా? నాన్నగారి మిత్రులొకరు యూరైల్ పాస్ తీసుకోమని చెప్పారట.

రైలుబాట:

పాస్ విషయంలో ముందు తెలుసుకోవలసింది ఏమిటంటే, మీ ఇంట్లోనే రెండు రకాలు కొనవలసి వస్తుంది. యూరైల్ పాస్ ఐరోపా బయట నివసించేవారికి, ఇంటర్‌రైల్ పాస్ ఐరోపాలో నివసించేవారికి. పౌరసత్వంతో సంబంధం లేదు, నివాసమే లెక్క. కాబట్టి అమ్మానాన్నలకు యూరైల్, మీకు ఇంటర్‌రైల్. పైగా ఇంటర్‌రైల్‌తో సొంత నివాస దేశంలో, అంటే మీకు ఇటలీలో, బయటికి వెళ్లడానికి ఒకసారీ తిరిగి రావడానికి ఒకసారీ మాత్రమే ప్రయాణించవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లే పన్నెండేళ్ల లోపు పిల్లలకు పాస్ ఉచితం అన్నది ఒక్కటే మీకు కలిసివచ్చే అంశం.

అయినా ఫ్రాన్స్‌కు పాస్ అంతగా లాభించదని నా అభిప్రాయం. టీజీవీలన్నింటికీ పాస్ ఉన్నా సరే విడిగా రిజర్వేషను చేయించాలి, దానికి దేశం లోపల మనిషికి 10 లేదా 20 యూరోలు, ఇటలీ రైలుకు ఇంకా ఎక్కువ. పాస్ ఉన్నవారికి కేటాయించే సీట్లు పరిమితం కూడా. మీ వారంలో దూర ప్రయాణాలు నాలుగైదుకు మించవు. వాటిలో తీరం వెంట తిరిగేవి చవకైన ప్రాంతీయ రైళ్లే. రోజుకో ఊరు మారుస్తూ నెల రోజులు తిరిగే యువకులకు పాస్ సరైనది, మీకు విడి టికెట్లే సరైనవి.

విడి టికెట్లలో రెండు రకాలను వేరుగా చూడండి. ప్రాంతీయ రైళ్ల ధర ముందుగా కొన్నా ఆ రోజు కొన్నా సాధారణంగా ఒకటే. టీజీవీ, ఫ్రెచ్చారోస్సా (ఇటలీ అతివేగ రైలు) టికెట్లు అలా కాదు. అమ్మకం తెరిచినప్పుడు తక్కువలో ఉండి, రోజు దగ్గరపడే కొద్దీ రెండు మూడు రెట్లు పెరుగుతాయి. అందుకని అవిన్యోన్ నుంచి పారిస్, పారిస్ నుంచి మిలాన్, ఈ రెండింటినీ తెరిచిన వెంటనే కొనండి, మిగతావి వదిలేయండి. పారిస్, మిలాన్ మధ్య ఫ్రెంచి రైల్వే టీజీవీలూ, 2021 డిసెంబరు నుంచి ఇటలీ రైల్వే ఫ్రెచ్చారోస్సాలూ నడుస్తున్నాయి. రెండు సంస్థల ధరలూ పోల్చి చూడండి. మిలాన్‌లో టీజీవీలు పోర్తా గరిబాల్ది స్టేషనుకు, ఫ్రెచ్చారోస్సాలు చెంత్రాలేకు వస్తాయన్నది గుర్తుంచుకోండి. విగో అనే చవక రైళ్లలో పెద్ద పెట్టెలకు అదనంగా కట్టాలి. ఐదుగురి సామానుతో అది చవకగా మిగలదు.

కొండదారి:

నాన్నగారి కోసం సొరంగం గురించి రాయాలని ఉంది. బర్దొనేక్కియా, మొదాన్‌ల మధ్య ఉన్న ఈ ఫ్రెజూస్ సొరంగాన్నే మోన్ సెనీ సొరంగం అని కూడా అంటారు. 1857లో తవ్వడం మొదలై 1871 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఇప్పటి పొడవు సుమారు 13.7 కిలోమీటర్లు. ఆల్ప్స్ ప్రధాన శ్రేణిని తొలిచిన మొదటి పెద్ద రైలు సొరంగం ఇదే. కొండ పైనుంచి నిలువు బావులు దించే వీలు లేకపోవడంతో రెండు చివరల నుంచి మాత్రమే తవ్వుకుంటూ వచ్చారు. సొమేయేర్ అనే ఇంజనీరు గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లింగ్ యంత్రాలను ప్రవేశపెట్టాక పని వేగం పుంజుకుంది. టురిన్‌లోని స్టాట్యూతో చౌరస్తాలో ఆ పనివారి స్మారకం ఉంది. ఇంకొక సంగతి రైల్వే ఉద్యోగికి తప్పక నచ్చుతుంది: ఫ్రాన్స్ వైపు లైను 1,500 వోల్టుల డైరెక్ట్ కరెంటు మీద, ఇటలీ వైపు 3,000 వోల్టుల మీద నడుస్తుంది. ఆ మార్పు జరిగే స్టేషను మొదాన్.

ఈ లైను ఎంత సున్నితమైనదో కూడా తెలుసుకోవాలి. 2023 ఆగస్టు 27న మొరియెన్ లోయలో కొండ చరియ విరిగిపడి లైను మూతపడింది, రైళ్లు మళ్లీ నడవడానికి 2025 మార్చి ఆఖరు దాకా పట్టింది. అలాంటిది మళ్లీ జరిగితే పారిస్ నుంచి జెనీవా మీదుగా, సింప్లాన్ సొరంగం గుండా మిలాన్ చేరే దారి ఉంది. స్విట్జర్లాండ్ కూడా షెంగెన్‌లోదే కనుక వీసా అడ్డు కాదు. ప్రయాణానికి వారం ముందు కొండదారి నడుస్తున్నదో లేదో చూసుకోండి.

సమ్మెల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఫ్రాన్స్‌లో 2007 నాటి చట్టం ప్రకారం సమ్మెలో పాల్గొనే సిబ్బంది 48 గంటల ముందు తెలియజేయాలి, ఏ రైళ్లు నడుస్తాయో ప్రయాణికులకు 24 గంటల ముందు చెప్పాలి. కాబట్టి సమ్మె వార్త వినగానే బెంబేలెత్తకుండా ముందు రోజు సాయంత్రం ఐదింటి తరువాత యాప్‌లో మీ రైలు నంబరు వెతకండి.

నీస్‌లో నెల్లూరు:

నీస్‌లో మూడు రాత్రులు ఉంచుకోండి, అంతకు తగ్గించవద్దు. ఇక్కడ గది ఒకటే ఉంచుకొని ప్రాంతీయ రైలులో మెంటన్, మొనాకో, ఆంతీబ్ అన్నీ తిరిగి రావచ్చు. ఏదీ గంట ప్రయాణం కాదు. సముద్రపు ఒడ్డున ప్రొమెనాద్ దెజాంగ్లే దారి చదునుగా ఉంటుంది, దారి పొడవునా కూర్చోవడానికి కుర్చీలు ఉన్నాయి, అమ్మగారికి అంతకంటే హాయి ఏముంటుంది? కోట గుట్ట ఎక్కడానికి లిఫ్టు ఉంది.

తిండి సంగతి. సొక్కా అని శనగపిండి, నీళ్లు, ఆలివు నూనెతో పెద్ద రాగి పళ్లెంలో కాల్చే అట్టు ఇక్కడి వీధి వంటకం. మిరియాల పొడి చల్లుకొని తింటే మన నోటికి బాగా నచ్చుతుంది. ఇందులో గుడ్డు కూడా ఉండదు. అయితే కూరగాయలతో చేసినట్టు కనిపించేవన్నీ శాకాహారమని నమ్మవద్దు. ఉల్లిపాయల పిస్సలాదియేర్‌లో ఆంకోవి చేప వేస్తారు, పాన్ బన్యా రొట్టెలో ట్యూనా గాని ఆంకోవి గాని ఉంటుంది, ఆలివు ముద్ద తపెనాద్‌లోనూ ఆంకోవి కలుస్తుంది. కొనేముందు చేప ఉందా అని విడిగా అడగండి. మాంసం లేదని చెప్పినవారు చేప సంగతి చెప్పకపోవచ్చు. ఒకటి రెండు పూటలు వండుకోవడానికి వంటగది ఉన్న బస తీసుకుంటే ఇంకా మంచిది.

యానాం అమ్మాయి:

మెట్ల విషయంలో ఇంకొక మాట. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం నడవడానికి ఇబ్బంది ఉన్న ప్రయాణికులకు స్టేషన్లలో ఉచితంగా సహాయం అడిగే హక్కు ఉంది. 24 గంటల ముందు చెప్పాలి. ఇటలీలో సాలా బ్లూ అనే విభాగం ఈ పని చూస్తుంది. చక్రాల కుర్చీ వాడనివారికి కూడా ఇది వర్తిస్తుంది కనుక అమ్మగారు మొహమాటపడనక్కరలేదు. మార్సెయ్ సెయింట్ షార్ల్ స్టేషను ముందు 104 మెట్లున్న పెద్ద మెట్లదారి ఉంది. ఊళ్లోకి వెళ్లాలనుకుంటే దాని జోలికి పోకుండా స్టేషను లోపలి నుంచే మెట్రో పట్టుకోండి.

మిలాన్‌లో గోదావరి:

అందరి మాటా కలిపి ఇలా అనుకున్నాము. శనివారం ఉదయం మిలాన్ నుంచి వెంతిమిలియా మీదుగా నీస్, అక్కడ మూడు రాత్రులు. మంగళవారం తీరం వెంట మార్సెయ్, అక్కడ రైలు మారి అవిన్యోన్, రెండు రాత్రులు. మధ్యలో బుధవారం దగ్గరి ఊరు ఆర్ల్ చూసి రావడం. గురువారం టీజీవీలో పారిస్, రెండు రాత్రులు. మళ్లీ శనివారం మొదాన్ మీదుగా ఇంటికి. లియోన్ నివాసి గారూ, మీ ఊరు ఈసారికి కిటికీలోంచే. ఈ వరుసలో సరిచేయవలసింది ఏమైనా ఉందా?

లియోన్ నివాసి:

అమ్మగారి కోరిక ముందు నా వాదన నిలవదు, సంతోషంగా వెళ్లి రండి. అవిన్యోన్‌లో స్టేషన్లు రెండని మాత్రం రాసిపెట్టుకోండి. మార్సెయ్ నుంచి ఆర్ల్ మీదుగా వచ్చే ప్రాంతీయ రైలు మిమ్మల్ని సెంటర్ స్టేషనులో దింపుతుంది. ఎదురుగానే కోట గోడ, దాని ద్వారం దాటితే తిన్నని వీధి ఊరి మధ్యకు వెళ్తుంది. పారిస్ టీజీవీలు మాత్రం ఎక్కువగా ఊరి బయటి టీజీవీ స్టేషను నుంచి బయలుదేరతాయి. రెండింటినీ కలుపుతూ ఐదారు నిమిషాల చిన్న రైలు ఉంది. టీజీవీ తలుపులు బయలుదేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూస్తారు, కాబట్టి అరగంట ముందు అక్కడ ఉండండి. పెట్టెల మీద పేరు రాసిన చీటీ తప్పనిసరి.

క్యాథలిక్ మతాధిపతులైన పోపులు 1309 నుంచి 1377 దాకా ఉన్న ఊరు కదా, వారి రాజభవనమే అక్కడ ముఖ్యం. అయితే లోపల మెట్లు చాలా ఉన్నాయి. నాన్నగారూ మీరూ లోపలికి వెళ్తే, అమ్మగారు ఎదుటి మైదానం నుంచి బయలుదేరే చిన్న పర్యాటక బండిలో ఊరు చుట్టి రావచ్చు. ఇరవై రెండు కమానులలో నాలుగే మిగిలిన సెయింట్ బెనెజే వంతెన నది ఒడ్డు నుంచే బాగా కనిపిస్తుంది.

నీస్‌లో నెల్లూరు:

మీ రోజుల వరుస చక్కగా కుదిరింది. కూర్ సలేయా కూరగాయల, పూల సంత సోమవారం ఉండదు, ఆ రోజు పాత వస్తువుల అంగళ్లు పెడతారు. అందుకని ఆదివారం ఉదయం సంతకు, సోమవారం మెంటన్‌కు పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి చాలా దుకాణాలు మూసి ఉంటాయి, పాలూ పండ్లూ శనివారమే తెచ్చుకోండి. మంగళవారం నీస్ నుంచి మార్సెయ్ వెళ్లేటప్పుడు కూడా సముద్రం ఎడమవైపే. కాన్, సెయింట్ రఫాయెల్ మధ్య ఎస్తెరెల్ కొండల ఎర్ర రాళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి, అమ్మాయిని ఆ కిటికీ దగ్గరే కూర్చోబెట్టండి.

యానాం అమ్మాయి:

ఆర్ల్‌లో బుధవారం ఉదయం కూడా సంత ఉంటుంది, మధ్యాహ్నానికి ముగుస్తుంది, తొందరగా బయలుదేరండి. పారిస్‌లో ఓర్సే ప్రదర్శనశాల గురువారం రాత్రి పొద్దుపోయేదాకా, లూవ్ర్ శుక్రవారం రాత్రి దాకా తెరిచి ఉంటాయి. మీరు ఉండే రోజులు సరిగ్గా అవే. రెండూ చూడాలని పట్టుపట్టకండి. ఓర్సే భవనం 1900లో కట్టిన రైల్వే స్టేషను కాబట్టి నాన్నగారి కోసం దాన్నే ఎంచుకోమంటాను. టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, లిఫ్టులు ఉన్నాయి, అమ్మగారికి చక్రాల కుర్చీ కూడా అక్కడే అడిగి తీసుకోవచ్చు.